వెనక కట్టేది చూపించమన్న తవిటయ్య మేస్త్రి

కలకత్తా బడ్జ్ బడ్జ్ రోడ్డులో నూనె డిపో దాటాక ఉన్న రేకుల షెడ్డులో, ఒక పికప్ వెనక ఇరుసు విప్పి ముందు పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మా బావ తవిటయ్య మేస్త్రి ప్రాణం విడిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. షెడ్డులో ఎన్నో ఏళ్ళుగా ఆయనతో కలిసి పనిచేసిన నరసింగరావు నాకు ఫోన్ చేసి, "పంతులు గారూ, బేగి రండి. మేస్త్రి మాటాడ్డం లేదు" అన్నాడు. సంత్రాగాఛి నుంచి గంగ దాటి, బస్సులు మారి నేను చేరేసరికి ఇంక చేయడానికి ఏమీ మిగల్లేదు. చాప మీద పడుకోబెట్టారు. కుడిచేతి వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెత్తురనుకున్నాను. నెత్తురు కాదు, సిందూరం. జీవితమంతా పిల్లలకు పద్యాలూ ప్రతిపదార్థాలూ చెప్పినవాణ్ణి. మృత్యువు నిర్దాక్షిణ్యమైనదని పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పడం వేరు, ఆ చెయ్యి పట్టుకుని చల్లదనం తెలుసుకోవడం వేరు.

ఆ సిందూరం సంగతి ముందు చెప్పాలి. బండి వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనప డొల్ల ఉంటుంది. అందులో పళ్ళ చక్రాలు రెండు ఒకదాన్నొకటి తిప్పుతాయి. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. కొత్తవి బిగించినప్పుడు ఏ పన్ను ఏ పంటిని ఎక్కడ ఒరుసుకుంటున్నదో కంటికి తెలియదు గనక మిస్త్రీలు రంగు పూసి తిప్పి చూస్తారు. మా బావ విశ్వకర్మ పూజలో వాడగా మిగిలిన సిందూరాన్ని గ్రీజులో కలిపి పూసేవాడు. పంటి నడుమ ఎరుపు చెరిగితే పని కుదిరినట్టు. అంచున చెరిగితే మళ్ళీ విప్పడమే. "దేవుడి నుదుటి మీద అందానికుంటాది. పంటి మీదెడితే పనికొస్తాది" అనేవాడు. ఈ మాటలో భక్తి ఎంతో, దేవుడి మీద అలక ఎంతో తెలియాలంటే ఒక పూజనాటి ఉదంతం తెలియాలి. దాని కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

రాయమన్నదీ ఆయనే. మన తెలుగు సంఘం పత్రికలో పోయినవాళ్ళ మీద నేను రాసే వ్యాసాలను నరసింగరావు చేత చదివించుకుని వినేవాడు. విని నవ్వేవాడు. "పంతులా, నీ కాగితమ్మీదికి ఎక్కితే సాలు, ఎవడైనా దేవుడైపోతాడు. అప్పలకొండ మావ తాగి పెళ్ళాన్ని కొట్టీవోడు. నువ్వేటి రాసేవు? సౌమ్యుడని రాసేవు" అని ఎద్దేవా చేసేవాడు. ఒకసారి నవ్వు ఆపి, "నా మీద రాసిన్నాడు మీ తమ్ముడు ఈశ్వరుడి సంగతి దాచకు. దాస్తే అది నాను కాదు" అన్నాడు. సరే బావా, దాచను.

ఎరగని యువతరం కోసం నాలుగు మాటలు. తవిటయ్య తండ్రి శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులకు మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. కొడుక్కి మూటల కంటే వాటిని మోసే లారీలు నచ్చాయి. ఒక సర్దార్జీ గ్యారేజీలో చేరి, తిట్లు తిని, పని నేర్చి, తన షెడ్డు తాను వేసుకుని, దాన్ని ఆనుకునే ఇల్లు కట్టుకున్నాడు. మా అక్క సూరమ్మను, మేం అప్ప అని పిలిచే మనిషిని, చేసుకున్నాడు. అప్పటికి మా అమ్మానాన్నలిద్దరూ లేరు. అప్ప అత్తారింటికి వెళుతూ ఒంటరిగా వెళ్ళలేదు. ఒక చేత నన్నూ ఇంకో చేత మా తమ్ముడు ఈశ్వరుణ్ణీ పట్టుకుని వెళ్ళింది. అప్పుడు వాడు నిక్కరు జారిపోకుండా పట్టుకుని నడిచే వయసువాడు. పెళ్ళికూతురి వెనక ఇద్దరు బావమరుదులు దిగడం చూసి చుట్టాలు మూతులు తిప్పుకుంటే, బావ, "బండికి ట్రాలీ ఉంటే తప్పేటి, లాగుతాను" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో చాలా కాలం నవ్వులాటగా నడిచింది. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఈశ్వరుడే కొడుకు. నేను చదువు పట్టుకుని రైల్వే బడిలో పంతుల్నయ్యాను. వాడు స్టీరింగు పట్టుకున్నాడు. అప్ప చేతి ముద్ద తినకుండా వాడు డ్యూటీకి వెళ్ళిన రోజు లేదు. పెళ్ళి చేసుకోరా అంటే, "బండికి బ్రేకెందుకప్పా" అని పారిపోయేవాడు. తిట్టి తిట్టి అప్పకు నోరు నొప్పి పుట్టేది గాని, వాడి కంచంలో ఉప్పుచేప ముక్క మాత్రం ఎప్పుడూ పెద్దదే. నేనూ ఆ ఇంట్లోనే పెరిగినవాణ్ణి, నాకు మాత్రం తోక ముక్కలే దక్కేవి.

బావకు పేరు తెచ్చిన పని, వెనక ఇరుసులో పళ్ళ లెక్క మార్చడం. కంపెనీవాళ్ళు పికప్‌లకు రోడ్డు మీద వేగంగా పోవడానికి వీలైన చక్రాలు పెడతారు. వాటితో బరువైన ట్రాలీ లాగితే ఇంజను రొప్పుతుంది, క్లచ్చు మాడుతుంది, పైవంతెన నడుమ బండి నిలిచిపోతుంది. బావ ఆ జత తీసేసి, పినియన్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం మునుపటి కంటే తక్కువ తిరిగే జత వేసేవాడు. వేగం తగ్గుతుంది, తైలం ఎక్కువ తాగుతుంది, లాగే సత్తువ పెరుగుతుంది. పెళ్ళిళ్ళకూ పూజలకూ జనరేటర్లు లాక్కుపోయే డెకరేటర్లు, నీళ్ళ ట్యాంకుల వాళ్ళు, గంగలో నడిపే పడవల్ని ఒడ్డుమీద మోసేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. "మిస్త్రీ దా, మైలేజీ పడిపోతుందటగా" అని సణిగితే, బావ బెంగాలీలో ఓపికగా చెప్పేవాడు. ఆ మాటే నాకు తెలుగులో చెప్పాడు. "నెత్తిన బస్తా ఉన్నోడు పెద్ద అంగలెయ్యగలడేటి? అడుగు సిన్నదవ్వాల. నాను సేసిందంతే, బండి అడుగు సిన్నది సేసేను."

పని అయ్యాక చివరి పరీక్షకు ఆయన పద్ధతి ఆయనకుండేది. ఏ ట్రాలీ లాగుతారో ఆ ట్రాలీనే కట్టించి, సరుకంతా వేయించి, పైవంతెన మీదికి ఎక్కించి దింపి తెచ్చేవాడు. దారి పొడవునా రేడియో పెట్టనిచ్చేవాడు కాదు, మాట్లాడనిచ్చేవాడు కాదు. ఒకసారి సరదాపడి నేనూ ఎక్కాను. ఎండ, ఇంజను వేడి, బీడీ కంపు. గాలి బాగుందని ఏదో అన్నాను. "పంతులా, దిగిపో" అన్నాడు. నిజంగానే వంతెన మొదట్లో నన్ను దించేసి వెళ్ళిపోయాడు. వెనక ఇరుసు మూలుగు వినాలట. బావమరిదిని ఎండలో నిలబెట్టిన ఆ మనిషి, జీవితంలో ఒకే ఒక్కసారి ఆ పరీక్షను పూర్తి చేయలేదు.

అది నిమాయ్ బాబు బండి. పూజా పందిళ్ళకు దీపాలూ జనరేటర్లూ అద్దెకిచ్చే డెకరేటరు. మంచి మాటకారి, అందరికీ దాదా. మా ఈశ్వరుడు అతని దగ్గరే డ్రైవరు. ఆ ఏడు నిమాయ్ బాబు పెద్ద జనరేటరు ట్రాలీ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. పాత పికప్ దాన్ని వంతెన ఎక్కించలేకపోయింది. సగం దూరం వెళ్ళి మొరాయిస్తే ఈశ్వరుడు వెనక్కి దింపుకొచ్చాడు. దుర్గాపూజ ముంచుకొస్తోంది. బండిని బావ దగ్గరికి తోలాడు. బావ కొత్త జత వేసి, సిందూరం పూసి తిప్పి, పళ్ళు కుదిరాయని తృప్తిపడి, ఇక ట్రాలీ కట్టి పరీక్షించడమే మిగిలిందన్నాడు. ఆ మర్నాడు విశ్వకర్మ పూజ, పూజకని ఈశ్వరుడు బండిని యజమాని యార్డుకి తోలుకుపోయాడు.

కలకత్తాలో ఆనాడు యంత్రానికి సెలవు. సుత్తి దగ్గర్నుంచి రైలింజను వరకూ దండలు వేసి, బొట్లు పెట్టి, దండం పెడతారు గాని పని చేయించరు. బావ కూడా షెడ్డు మూసి, పూజ చేసుకుని, మనసాగక నిమాయ్ బాబు యార్డుకి వెళ్ళాడు. వెళ్ళింది ట్రాలీ కిందికి దూరి దాని బ్రేకు చూడటానికి. ట్రాలీకి కూడా బ్రేకుండాలి. ముందున్న బండి ఆగినప్పుడు వెనకనుంచి తోసుకొచ్చే బరువును అదే పట్టుకుంటుంది. తీరా వెళితే ట్రాలీని కడిగి, బంతిపూల దండలు చుట్టి, ముందు అరటిపళ్ళు పెట్టారు. పూజారి మంత్రం చదువుతున్నాడు. బావ లుంగీ ఎగ్గట్టి కిందికి వంగబోతే నలుగురూ పట్టుకున్నారు. "ఆజ్ ఓతే హాత్ దేబేన్ నా, దాదా!" ఇవాళ దానిమీద చెయ్యి వెయ్యొద్దని. పండగపూట యంత్రం కిందికి దూరితే యజమానికి కీడని వాళ్ళ నమ్మకం. బ్రేకు సంగతేమిటని అడిగితే నిమాయ్ బాబు నవ్వి, "ఠీక్ ఆఛే, దాదా, ఠీక్ ఆఛే" అని, అంతా బాగానే ఉందంటూ ప్రసాదం చేతిలో పెట్టాడు. ఈశ్వరుడు కూడా అక్కడే ఉన్నాడు. "రేపు సూద్దువులే, బావా" అన్నాడు. బావ ట్రాలీ ముక్కుకి ఇంత సిందూరం పెట్టి, రెండు చేతులూ జోడించి వచ్చేశాడు.

మర్నాడు తెల్లారకముందే నిమాయ్ బాబుకు ఎక్కడినుంచో కబురు రావడంతో, బండి ట్రాలీ కట్టుకుని బయలుదేరింది. పైవంతెన అవలీలగా ఎక్కింది. పైకెక్కాక ఈశ్వరుడు బావకు ఫోన్ చేశాడు. "బావా, ఏటి నీ సెయ్యి! ఏనుగునాగ లాగీసింది" అన్నాడు. వాడి గొంతు బావ విన్నది అదే ఆఖరు. అవతలి వాలులో ట్రాలీ వెనకనుంచి తోసింది. వీడు బ్రేకు తొక్కాడు. ట్రాలీ అడ్డం తిరిగి పికప్‌ను గోడకు అదిమేసింది. నేను వెళ్ళేసరికి ఈశ్వరుణ్ణి తీస్తున్నారు. ఆ దృశ్యం రాయను. బావ మాత్రం నేలమీద వెల్లకిలా పడి ట్రాలీ కిందికి దూరి ఉన్నాడు. పోలీసులు కాళ్ళు పట్టి లాగుతున్నా రావడం లేదు. బ్రేకు కడ్డీ ఎప్పుడో ఊడిపోయింది, తుప్పు పట్టిన తీగతో పైకి కట్టి వదిలేశారు. ట్రాలీ ముక్కుకి బావ పెట్టిన బొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

నిమాయ్ బాబు గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఏడవనీ. ఆ ఏడుపు అబద్ధమని నేననను గాని, నాకు దానితో పని లేదు. బ్రేకు విప్పి కట్టిందెవరో, ఎవరు ఎవరికి అమ్మారో, కేసులో తేలనే లేదు. ఆనాటినుంచి బావకు నేను చెప్పని రోజు లేదు. "ట్రాలీ నీది కాదు, బ్రేకు నీది కాదు, బాగానే ఉందన్నది నువ్వు కాదు, తప్పు నీదెలా అవుతుంది?" అని. ఆయన జవాబు ఒక్కటే. "ఆ బండి పాత గేరుతో అయితే గట్టెక్కీదేటి? ఎక్కలేక ఎనక్కొచ్చీసీది. ఈశ్వరుడు ఇంటికొచ్చీవోడు. ఎక్కించింది నాను. ఎక్కించినోడు దిగడం సూసుకోవాల. దండమెట్టి వొచ్చీసేను."

కాని ఆయన అసలు వినాలనుకున్నది నా మాట కాదు, అప్ప మాట. ఈశ్వరుడి దినాలయ్యాక ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర, నా ఎదుటే అడిగాడు. ముద్ద కలుపుతూ తల ఎత్తకుండా, "సూరమ్మా, నావల్లే పోనాడని నీకుంటే సెప్పు. లేదంటే లేదని సెప్పు. ఏదోటి సెప్పు" అన్నాడు. అప్ప చారు వడ్డించింది. మజ్జిగ వడ్డించింది. ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో వంట ఆగలేదు, మాట ఆగలేదు, ఆయన లుంగీలకు జిడ్డు వదలగొట్టడం ఆగలేదు. జ్వరమొస్తే రాత్రంతా తడిబట్ట వేసింది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం బదులివ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ మౌనమే తీర్పనుకున్నాడు. నాకైతే అప్ప మీద వల్లమాలిన కోపం వచ్చేది. పైకి అనలేదు. ఆమె పోగొట్టుకున్నది కొడుకులాంటి తమ్ముణ్ణి, ఏ మొహంతో అనను?

తర్వాత్తర్వాత షెడ్డుకి కొత్త కట్టుబాటు వచ్చింది. ఇరుసు విప్పమని ఎవరొచ్చినా బావ పానా ముట్టేవాడు కాదు. "ఎనక కట్టీదేటి? ముందది తెచ్చి సూపించు" అనేవాడు. బెంగాలీలో అడిగినా, హిందీలో అడిగినా అదే ప్రశ్న. ట్రాలీ తెస్తే తనే కిందికి దూరేవాడు. బ్రేకు లేకపోతే పెట్టించుకు రమ్మనేవాడు. పెట్టించకపోతే పొమ్మనేవాడు. బతిమాలినా, బూతులు తిట్టినా, మన సంఘం పెద్దల చేత చెప్పించినా అంతే. పక్క వీధిలో ఏమీ అడక్కుండా గేరు మార్చే గ్యారేజీలుండగా ఈ పంచాయితీ ఎవరిక్కావాలి? వచ్చేవాళ్ళు తగ్గారు. షెడ్డు ముందు గడ్డి మొలిచింది. "తవిటయ్యకి మతి సలించింది" అని మనవాళ్ళే అన్నారు. అన్నవాళ్ళు ఆయన సంతాపసభలో మైకు పట్టుకుని ఆయన నిబద్ధతను కొనియాడారు. నేను ముందువరసలో కూర్చుని విన్నాను, ఒళ్ళు మండింది.

అప్పట్నుంచి ప్రతి విశ్వకర్మ పూజనాడు బావ తన దేవుడికి తెల్లారగట్లే బొట్టు పెట్టి, ఇంత సిందూరం పొట్లం కట్టి దాచుకుని, పనిలోకి దిగేవాడు. ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది ఆ రోజు. ఒకరి దారాన్ని ఇంకొకరు కోసినప్పుడు మేడల మీదినుంచి "భో కట్టా!" అని కేకలు. కింద షెడ్లన్నిటిలో మైకులు, కిచిడీ వాసనలు. మా బావ ఒక్కడు ఏదో బండి కింద పడుకుని సుత్తితో కొట్టుకుంటూ ఉండేవాడు. అరిష్టమని ఇరుగుపొరుగు గొడవకొచ్చేవారు. ఒక ఏడు నేనే అన్నాను, పూజకు ఒక్కరోజు ఊరుకోరాదా బావా, వాళ్ళ మనసులు కూడా చూడాలి కదా అని. బండి కిందనుంచే బదులొచ్చింది. "పూజ సేస్తన్నాను గదా పంతులా. ఇదే." బయటికి కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. పక్కన ఒక తెగిన గాలిపటం వచ్చి పడితే తీసి గోడకి ఆనించి వచ్చేశాను.

ఇలా ఆయన వృద్ధుడయ్యాడు. మోకాళ్ళు వంగలేదు, కిందికి దూరడం నరసింగరావు వంతయింది. ఈ వేసవిలో చాలాకాలానికి ఒక పని వచ్చింది. నీళ్ళ ట్యాంకు ట్రాలీ లాగడానికి పికప్ గేరు మార్చమని ఒక యువకుడు బండి తెచ్చి దింపాడు. ట్రాలీ బేరం ఇంకా తెగలేదు, రాగానే తెచ్చి చూపిస్తానన్నాడు. ఆ ఒక్కసారీ బావ ఎందుకు మెత్తబడ్డాడో తెలియదు. పళ్ళ చక్రాల మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడేమో. "సూపించీదాకా బండి ఇవ్వను" అని షరతు పెట్టి పని మొదలెట్టాడు. పళ్ళకు సిందూరం పూశాడు. తిప్పి చూసే లోపు ఆయన ఊపిరి ఆగింది. ఆ పళ్ళ మీది ఎరుపు అలాగే ఉండగా ఆయన్ను విద్యుత్ శ్మశానానికి మోసుకుపోయాం.

తొమ్మిదోనాడు ఆ యువకుడు షెడ్డుకి వచ్చాడు. వినయస్థుడే. గుమ్మంలో చెప్పులు విడిచి, అప్పకు నమస్కారం చేసి, బండిని వేరే గ్యారేజీకి తోయించుకుపోతానన్నాడు. నరసింగరావుకు రోషం వచ్చింది. "సగం పని ఇంకోడి సేతికిస్తే మేస్త్రికి అవమానం. గంటలో బిగించీస్తాను" అన్నాడు. పూసిన సిందూరం దుమ్ము పట్టి ఎండిపోయింది, తుడిచి మళ్ళీ పూయాలి. బావ పొట్లం తీసి చూస్తే చిటికెడు కూడా లేదు. రంగు కొనుక్కొస్తానని అతను లేచాడు.

అప్ప అంతవరకూ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లేచి లోపలికి వెళ్ళి తన సిందూరం భరిణె తెచ్చింది. కలకత్తాలో పుట్టి పెరిగింది గనక బెంగాలీ ఆడవాళ్ళలాగా పాపిట్లో సిందూరం పెట్టుకోవడం ఆమెకు పెళ్ళినాటి నుంచీ అలవాటు. భరిణె నరసింగరావు చేతిలో పెట్టి, "రేపు పదోరోజు. ఎలాగా తీసీస్తారు. పనికొచ్చీకాడ ఎట్టండి" అంది. నరసింగరావు అందుకోలేక నావైపు చూశాడు. నేనేం చూడను? నా కళ్ళకు ఏమీ కనపడటం లేదు. చివరికి అతను గ్రీజులో కలిపి పూసి, పినియన్ తిప్పాడు. పంటి నడుమ ఎరుపు చక్కగా చెరిగింది. బావ కుదిర్చిందే, అందులో వేలు పెట్టాల్సిన అవసరం లేకపోయింది.

బండి బిగించాక యువకుడు తాళం కోసం చెయ్యి చాపాడు. తాళం అప్ప కొంగున ఉంది. అప్ప ఇవ్వలేదు. "ట్రాలీటా కోథాయ్, బాబా? ఆగే నియే ఏషో" అంది. ట్రాలీ ఏదీ నాయనా, ముందు తీసుకురా అని. అతను తెల్లబోయి, ట్రాలీ నిన్ననే వచ్చిందనీ, ఇంటి దగ్గరుందనీ, బ్రేకుల సంగతి అమ్మినవాణ్ణి అడిగాననీ చెప్పి, "ఠీక్ ఆఛే, మాసీమా" అన్నాడు. అప్ప మొహం చూసి నాకు భయం వేసింది. గొంతు మాత్రం లేవలేదు. "ఠీక్ ఆఛే షునేయీ ఆమార్ భాయ్‌టా గేఛే" అంది. బాగానే ఉందన్న మాట విన్నందుకే మా తమ్ముడు పోయాడు అని. యువకుడు చెప్పులేసుకుని ట్రాలీ తేవడానికి వెళ్ళాడు.

అప్పుడు అప్ప నావైపు తిరిగింది. నేనేమీ అడగలేదు. తనే అంది. "మీ బావ సూడ్డానికే ఎల్లేడురా. సూడనివ్వలేదు." మళ్ళీ అంది. "నీ తప్పు లేదు అని నా నోటితో అనీస్తే ఈశ్వరుణ్ణి ఒదిలీసినట్టుంటాదనుకున్నాను. రేపందాం, రేపందాం అనుకున్నాను. ఇంతట్లో ఈయనెల్లిపోనాడు." కొంగులో తాళం పట్టుకుని అలాగే గుమ్మంలో నిలబడిపోయింది.

సాయంకాలం ట్రాలీ వచ్చింది. నరసింగరావు కిందికి దూరాడు. టార్చి నేను పట్టుకుంటానన్నా ఇవ్వక, అప్పే నేలమీద చతికిలబడి వంగి వెలుగు చూపించింది. ఒకపక్క బ్రేకు పట్టడం లేదని తేలింది. అది బాగయ్యాకే తాళం ఇచ్చింది.

సంఘం మా బావ పేరున ఏదో స్మారకం పెడతామంటోంది. పెట్టనివ్వండి. బరువు లాగే ప్రతి బండి వెనకా ఒక మనిషి ప్రాణం కట్టి ఉంటుందని ఎరిగిన అంతటి మేస్త్రి ఈ మహానగరపు తెలుగువారిలో మరొకడు లేడు, ఇక ఉండడు. ఆ లోటు తీరుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. బావా, నీ మీద రాసిన కాగితం ఇది. ఈశ్వరుడి సంగతి దాచలేదు. కాని నువ్వు అన్నం దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది. నీ స్టూలు అక్కడే ఉంది. దానికి ఎదురుగా, ఆ గుమ్మంలోనే చెప్పింది. వినడానికి నువ్వు లేవు.